అరచేతిలో రాసిన అక్షరాలు: ఆన్ సలివాన్ జీవితం మనకు చెప్పే పాఠం



నేను ఉండేది వికారాబాద్‌లో. పాతికేళ్లకు పైగా తాండూరు వైపు బడుల్లో పాఠాలు చెబుతున్నాను. బి.ఇడి. చదివేటప్పుడు మాకు ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి ఒక అధ్యాయం ఉండేది. పరీక్ష కోసం చదివాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ అధ్యాయం నిజంగా అర్థమైంది మాత్రం ఉద్యోగంలో చేరాక, ఒక పిల్లవాడి వల్ల.

అతను మూడో తరగతి. చివరి వరుసలో కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. చెప్పింది సగం రాసి సగం వదిలేసేవాడు. పరధ్యానం అనుకున్నాను, మొండితనం అనుకున్నాను. రెండు మూడుసార్లు గోడ దగ్గర నిలబెట్టాను కూడా. నాలుగో తరగతి సగంలో ఉండగా వాళ్ల అమ్మ బడికి వచ్చింది. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో కూలి చేసే మనిషి. ఒక పూట కూలి వదులుకుని వచ్చింది. "టీచరమ్మా, వాడికి వెనక నుంచి పిలిస్తే వినపడదు. ముందుకొచ్చి మొఖం చూపించి చెప్పండి" అంది.

అంటే ఏడాదిన్నర పాటు ఆ పిల్లవాడు నా తరగతిలో కూర్చుని నా పెదవులు కదలడం మాత్రమే చూశాడు. అది కూడా నేను బోర్డు వైపు తిరగనప్పుడు. ముందు వరుసలోకి మార్చాక కూడికలు, తీసివేతలు నేర్చుకున్నాడు. కానీ పోయిన కాలం తిరిగి రాలేదు. ఐదో తరగతితో బడి మానేశాడు. ఇప్పుడు అతను కూడా రాళ్ల యూనిట్‌లోనే పని చేస్తున్నాడు. తాండూరు స్టేషన్‌లో కనబడితే నవ్వుతూ సలాం చేస్తాడు. జవాబు చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ సిగ్గుగానే ఉంటుంది.

వాడికి తెలివి తక్కువై చదువు రాలేదు అనడానికి లేదు. వాడికి ఎలా చెప్పాలో తెలిసిన టీచర్ ఆ బడిలో లేదు, అంతే. అందుకే ఈ సంచికలో మీకు ఒక టీచర్ జీవితం చెప్పాలనుకున్నాను. ఆమె మన దేశం మనిషి కాదు, మన కాలం మనిషి కాదు. కానీ దానధర్మాలు చేసే మన వంటివారికి ఆమె జీవితంలో నేరుగా పనికొచ్చే పాఠం ఉంది.

అనాథ శరణాలయం నుంచి బడికి

హెలెన్ కెల్లర్ పేరు వినని చదువుకున్నవారు మన దగ్గర తక్కువ. చూపు, వినికిడి రెండూ లేకుండా డిగ్రీ చదివి, పుస్తకాలు రాసి, ప్రపంచమంతా తిరిగిన మనిషిగా పాఠ్యపుస్తకాల్లో ఆమె గురించి చదివాం. ఆమెకు చదువు చెప్పిన టీచర్ పేరు అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఆ టీచర్ పేరు ఆన్ సలివాన్.

ఆన్ 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టింది. తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన పేదలు. ఐదారేళ్ల వయసులో ఆమెకు ట్రకోమా అనే కంటి జబ్బు వచ్చింది. రెప్పల లోపల పొక్కులు లేచి, రాపిడికి నల్లగుడ్డు పొర దెబ్బతిని, మెల్లగా చూపు పోయే జబ్బు ఇది. మురికి చేతులు, ఈగలు, ఒకే తువ్వాలు నలుగురు వాడుకోవడం వల్ల అంటుకుంటుంది. ఒకప్పుడు మన దేశంలోనూ ఎంతోమంది పేద పిల్లల చూపు తీసింది. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారతదేశం తొలగించుకుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2024లోనే.

ఆన్‌కు ఎనిమిదేళ్లప్పుడు తల్లి క్షయతో చనిపోయింది. తర్వాత తండ్రి పిల్లలను వదిలేశాడు. 1876లో ఆమెను, ఆమె తమ్ముడు జిమ్మీని ట్యూక్స్‌బరీ అనే ఊళ్లో దిక్కులేనివారిని ఉంచే సర్కారు శరణాలయానికి పంపారు. ముసలివాళ్లు, రోగులు, మతి చెదిరినవాళ్లు, పిల్లలు అందరూ ఒకేచోట ఉండే ఇల్లు అది. కొద్ది నెలల్లోనే తమ్ముడు చనిపోయాడు. పదేళ్ల పిల్ల, సగం చూపుతో, ఒంటరిగా మిగిలింది.

అక్కడ ఉన్న నాలుగేళ్లలో ఆమెకు ఒక సంగతి తెలిసింది. గుడ్డివాళ్లకు కూడా బడులున్నాయని. 1880లో శరణాలయాన్ని తనిఖీ చేయడానికి అధికారులు వచ్చారు. ఆన్ వాళ్ల మధ్యకు వెళ్లి, నాకు బడికి పోవాలని ఉంది అని ఏడ్చి అడిగింది. ఆ ఒక్క మాటతో ఆమె బతుకు మారింది. అదే ఏడాది అక్టోబర్‌లో బోస్టన్‌లోని పర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు, తన పేరు కూడా రాయలేదు. ఆపరేషన్లతో చూపు కొంత మెరుగైంది. 1886లో తన తరగతిలో మొదటి స్థానంతో చదువు ముగించింది.

ఆ బడిలోనే లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దామె ఉండేది. చూపూ వినికిడీ లేని ఆమెకు పర్కిన్స్‌లోనే 1837 నుంచి చదువు నేర్పారు. ఎదుటివారి అరచేతిలో వేళ్లతో ఒక్కో అక్షరం చూపిస్తూ మాట్లాడే విధానం అక్కడ ఉండేది. ఆన్ ఆ వేళ్ల అక్షరమాల నేర్చుకుని లారాతో కబుర్లు చెప్పేది. ఒక ఒంటరి మనిషితో మాట్లాడడానికి నేర్చుకున్న ఆ విద్యే తర్వాత ఆమె వృత్తి అయింది.

టీచర్ వచ్చిన రోజు

అలబామా రాష్ట్రంలో టస్కంబియా అనే ఊరిలో కెల్లర్ దంపతుల కూతురు హెలెన్. 1880 జూన్ 27న పుట్టింది. పంతొమ్మిది నెలల వయసులో జ్వరం వచ్చి చూపు, వినికిడి రెండూ పోయాయి. మాట రాలేదు. కోపం వస్తే కొట్టేది, గిల్లేది. భోజనానికి కూర్చుంటే అందరి పళ్లేల్లో చేయి పెట్టి తినేది. పాపం బిడ్డ అని ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ బధిర పిల్లలకు పాఠాలు చెప్పినవాడు కూడా. ఆయన సలహాతో తండ్రి పర్కిన్స్ పాఠశాలకు రాశాడు. పాఠశాల వారు ఆన్‌ను పంపారు.

1887 మార్చి 3న ఆన్ ఆ ఇంటికి చేరింది. ఆమెకు ఇంకా ఇరవై ఒక్క ఏళ్లు నిండలేదు. హెలెన్‌కు ఆరేళ్ల ఎనిమిది నెలలు. హెలెన్ తన జీవితాంతం ఆ తేదీని పుట్టినరోజు కంటే గొప్పగా తలచుకుంది.

మొదటి రోజే ఆన్ ఒక బొమ్మ ఇచ్చి, బొమ్మ అనే మాటను ఆ పిల్ల అరచేతిలో అక్షరం అక్షరంగా రాసింది. పిల్ల ఆటలాగా తిరిగి రాసింది కానీ అర్థం తెలియలేదు. ఇంట్లో అందరి గారాబం మధ్య ఏమీ నేర్పలేనని ఆన్‌కు కొద్ది రోజుల్లోనే తెలిసింది. తల్లిదండ్రులను ఒప్పించి, అదే ఆవరణలో ఉన్న చిన్న ఇంట్లో పిల్లతో ఒంటరిగా సుమారు రెండు వారాలు ఉంది. తన పళ్లెంలోనే తినడం, తన బట్టలు తానే వేసుకోవడం, ఎదుటి మనిషి మాట లెక్కచేయడం అక్కడ నేర్పింది.

ఏప్రిల్ 5న బోరింగు దగ్గర ఆన్ పంపు కొడుతూ, హెలెన్ ఒక చేతిమీద నీళ్లు పడుతుండగా రెండో చేతిలో నీళ్లు అనే మాట రాసింది. ఆ క్షణంలో పిల్లకు వెలిగింది. చేతిలో గీస్తున్నది ఆట కాదు, చల్లగా జారుతున్న ఈ వస్తువుకు పేరు. నేలను తట్టి దాని పేరు అడిగింది. పంపు పేరు అడిగింది. చివరికి ఆన్ వైపు తిరిగి నీ పేరేమిటని అడిగింది. ఆన్ రాసిన జవాబు: టీచర్. హెలెన్ ఆమెను తుదివరకు ఆ పేరుతోనే పిలిచింది. ఆ ఒక్కరోజే సుమారు ముప్పై మాటలు నేర్చుకుంది.

ఈ కథను మనం ఇక్కడితో ఆపేస్తాం. కానీ అసలు పని ఇక్కడి నుంచే మొదలైంది. ఆన్ ఆ పిల్లతో 49 ఏళ్లు ఉంది. 1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరింది. ప్రతి తరగతిలో పక్కన కూర్చుని లెక్చరర్ చెప్పేదంతా చేతిలో రాసింది ఆన్. బ్రెయిలీలో దొరకని పుస్తకాలను తాను చదివి చేతిలో రాసింది. ఆమె కళ్లకే బలం లేదు, విశ్రాంతి ఇవ్వాలని వైద్యులు చెబుతున్నా మానలేదు. 1904లో హెలెన్ డిగ్రీ అందుకుంది. నాలుగేళ్లు అన్ని పాఠాలూ విన్న ఆన్‌కు డిగ్రీ లేదు. చివరి రోజుల్లో ఆన్ చూపు పూర్తిగా పోయింది. 1936 అక్టోబర్ 20న చనిపోయింది. అప్పుడు ఆమె చెయ్యి హెలెన్ చేతిలో ఉంది.

ఆమె పద్ధతిలో మనం నేర్చుకోవాల్సినవి

మొదటిది, పిల్లను తన దగ్గరికి రప్పించుకోకుండా టీచరే పిల్ల దగ్గరికి వెళ్లింది. వేళాపాళా పెట్టుకుని బల్ల ముందు కూర్చోబెట్టే పాఠాలు ఆన్‌కు నచ్చలేదు. తోటలో, వంటింట్లో, నీళ్ల దగ్గర, పిల్లకు ఏది ఆసక్తిగా ఉంటే దాని గురించే చేతిలో రాసింది. మా బడిలోని పిల్లవాడి విషయంలో నేను చేయనిది ఇదే. వాడు నా దారిలోకి రావాలని ఏడాదిన్నర ఎదురుచూశాను.

రెండోది, జాలి వేరు, ప్రేమ వేరు. ఇంట్లోవారు జాలితో పిల్లను ఏమీ అనలేదు. ఆ జాలి వల్ల పిల్ల ఏమీ నేర్చుకోలేదు. నీకు వస్తుంది, నువ్వు చేయగలవు అని పట్టుబట్టింది టీచర్. మన ఇళ్లలో కూడా బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు పదిహేనేళ్లు వచ్చినా తల్లి అన్నం కలిపి తినిపిస్తుంది. ఆ తల్లి ప్రేమను తప్పు పట్టలేం. కానీ ఆమె తర్వాత ఆ బిడ్డకు ఎవరు తినిపిస్తారు? చెంచా పట్టడం, గుండీ పెట్టుకోవడం, బాత్రూమ్‌కు తానే వెళ్లడం ఆ బిడ్డకు అక్షరాల కంటే ముందు నేర్పాల్సిన చదువు.

మూడోది, పసిపిల్లతో తల్లి మాట్లాడినట్టు పూర్తి వాక్యాల్లో మాట్లాడింది. మాటలు రాని బిడ్డకు తల్లి రోజంతా కబుర్లు చెబుతుంది కదా, బిడ్డ బదులు చెప్పకపోయినా. అలాగే ఆన్ హెలెన్ చేతిలో విడిమాటలతో సరిపెట్టలేదు. అర్థం కాకపోయినా మొత్తం వాక్యం రాసింది. వినపడని బిడ్డ ఉన్న ఇళ్లలో మనం చేసేది దీనికి వ్యతిరేకం. వాడికి ఎలాగూ వినపడదు అని మాట్లాడడమే మానేస్తాం. మాట ఆగినచోట భాష ఆగుతుంది, భాష ఆగినచోట ఆలోచన వెనుకబడుతుంది.

నాలుగోది, ఇదే దాతలు ప్రత్యేకంగా వినాల్సింది. ఇంత పనికి డబ్బు ఎక్కడిది?

ఖర్చు ఎవరు పెట్టారు?

మొదట్లో ఆన్ జీతం హెలెన్ తండ్రి ఇచ్చేవాడు. తర్వాత ఆ కుటుంబానికి ఇబ్బందులు వచ్చాయి. పెద్ద చదువులకు దారి మూసుకుపోయే పరిస్థితి. అప్పుడు ప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్, స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెద్దల్లో ఒకడైన హెన్రీ రోజర్స్ ఇంటికి ఉత్తరం రాసి, ఈ పిల్ల చదువు ఆగకూడదని కోరాడు. రోజర్స్ ఆ ఖర్చు భరించాడు. ఆయన సాయం కాలేజీ ఫీజుతో ఆగలేదు. పిల్లా, టీచరూ ఇద్దరూ బతకడానికి, చదువు సాగడానికి పనికొచ్చింది. ఒక సభలో ఒక వస్తువు ఇచ్చి ఫొటో తీయించుకునే సాయం కాదు అది.

ఆ తర్వాతి కాలంలో అంత నిలకడైన ఆధారం లేని రోజులూ వచ్చాయి. 1920 నుంచి కొన్నేళ్లపాటు ఆ టీచరూ విద్యార్థినీ పాటలు, గారడీలు జరిగే వినోద వేదికల మీద నిలబడి, హెలెన్ ఎలా నేర్చుకుందో చూపించి డబ్బు సంపాదించుకున్నారు. అప్పటికి ఆన్‌కు యాభై దాటాయి. వేదిక దీపాల వెలుగు ఆమె కళ్లకు పడేది కాదు. ప్రపంచం మెచ్చుకున్న టీచర్‌కు కూడా నెలనెలా ఖర్చుకు భరోసా లేకపోతే ఇదే గతి.

ఇంకో మాట. 1914లో పాలీ థామ్సన్ అనే యువతి వారికి సహాయకురాలిగా చేరింది. వేళ్ల భాష నేర్చుకుంది. ఆన్ పోయాక ఆ బాధ్యత తీసుకుంది. 1955లో హెలెన్ కెల్లర్ మన దేశానికి వచ్చినప్పుడు వెంట ఉన్నది ఆమే. ఒక మంచి టీచర్ ఉన్నంతవరకు పని సాగితే చాలదు. ఆ టీచర్ లేనిరోజున పని ఆగకుండా ముందుగానే మరొకరిని తయారు చేయాలి.

మన చరిత్రలో, మన రాష్ట్రంలో

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోవద్దు. మన చరిత్ర మొదటి పుటల్లోనే హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (ర) ఉన్నారు. ఆయన అంధులు. జ్ఞానం కోసం దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చిన ఆయన పట్ల చూపాల్సిన శ్రద్ధ గురించే దివ్యఖుర్ఆన్‌లో 80వ సూరా 'అబస' మొదలవుతుంది. హిజ్రత్‌కు ముందు మదీనా ప్రజలకు ఖుర్ఆన్ నేర్పడానికి వెళ్లిన తొలి ఇద్దరిలో హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (ర)తో పాటు ఆయన ఒకరు. మదీనాలో అజాన్ పలికారు. దైవప్రవక్త (స) ప్రయాణం మీద వెళ్లినప్పుడు మదీనా బాధ్యత ఆయనకు అప్పగించిన సందర్భాలూ ఉన్నాయి. చూపులేని మనిషిని ఒక మూల కూర్చోబెట్టి అన్నం పెట్టడంతో సరిపెట్టలేదు. ఆయనకు విద్య ఇచ్చారు, ఆయన్ను టీచర్‌గా చేశారు, బాధ్యత ఇచ్చారు. ఈ మూడు మెట్లూ మనకు దారి చూపాలి.

మన తెలుగువారిలో ఒక ఉదాహరణ బొల్లా శ్రీకాంత్. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పేద రైతు కుటుంబంలో చూపు లేకుండా పుట్టాడు. ఊరి బడిలో చివరి బెంచీలో పట్టించుకునేవారు లేక కూర్చున్నాడు. హైదరాబాద్‌లోని దేవ్‌నార్ అంధుల పాఠశాలకు వచ్చాక దశ తిరిగింది. పదో తరగతిలో తొంభై శాతం దాటినా, అంధులకు సైన్స్ కుదరదన్నారు. కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకుని, ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, తిరిగి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టి వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా కూడా వచ్చింది. ఈ విజయం వెనుక కోర్టు వరకు తోడు నిలిచి, పాఠాలన్నీ విని నేర్చుకునేలా ఆడియోగా మార్చి ఇచ్చిన టీచర్ స్వర్ణలత ఉన్నారు. మళ్లీ అదే కథ. పిల్లవాడి పేరు అందరికీ తెలుసు, టీచర్ పేరు కొందరికే తెలుసు.

మనకు దగ్గరలో హైదరాబాద్‌లోనే ఈ విద్యకు మంచి పునాది ఉంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం ఠాకూర్ హరిప్రసాద్ 1968లో సంస్థ స్థాపించారు. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సంస్థను ఏర్పాటు చేసింది. దాన్ని ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నాం. పిల్లల పరీక్ష, తల్లిదండ్రులకు సలహా, ప్రత్యేక విద్యలో డిప్లొమా, డిగ్రీ కోర్సులు అక్కడ ఉన్నాయి. వినికిడి లోపం ఉన్నవారి జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది. 1983లో ముంబైలో ప్రారంభమైన ఆ జాతీయ సంస్థకు పెట్టిన పేరు మన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్‌ది.

చట్టం ఏం చెబుతోంది?

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, చదవడంలో ఇబ్బంది కలిగించే లోపాలు అందులో ఉన్నాయి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గాని, వారు కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదివే హక్కు ఉంది. కాబట్టి మీ అబ్బాయికి మా బడిలో సీటు లేదు అని చెప్పే అధికారం ఏ ప్రభుత్వ బడికీ లేదు.

మన రాష్ట్రంలో సమగ్ర శిక్షా కింద భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు అక్కడ పిల్లలకు నేర్పుతారు. కదలలేని పిల్లల ఇంటికే వెళ్లి చెప్పే ఏర్పాటూ ఉంది. ప్రాథమిక తరగతుల్లో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. థెరపీ ఖర్చు కూడా అందులో ఒక భాగం.

హక్కులూ పథకాలూ ఉన్నాయి. కానీ బషీరాబాద్, పెద్దేముల్, యాలాల మండలాల్లోని ఒక కూలి తల్లికి ఇవి చేరాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి. వారానికి ఒకసారి థెరపీకి తీసుకెళ్లాలంటే ఏడాదికి 52 ప్రయాణాలు. ప్రతిసారీ బిడ్డకూ తల్లికీ చార్జీలు, ఆ రోజు కూలి నష్టం. రెండు నెలలు తిరిగి మూడో నెల మానేసేది బిడ్డ మీద ప్రేమ లేక కాదు.

మన సొమ్ము ఎక్కడికి వెళ్లాలి?

మూడు చక్రాల సైకిళ్లు, వినికిడి యంత్రాలు, వీల్‌చైర్లు ఇవ్వడం మంచి పనే. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ యంత్రం ఇచ్చిన తర్వాత దాని బ్యాటరీ ఎవరు మారుస్తారు? ఆ శబ్దాలకు అర్థం ఎవరు నేర్పుతారు? పంపిణీ రోజున కొత్తగా మెరిసిన యంత్రం ఆరు నెలలకు అల్మారాలో పడుకుని ఉండడం నేను చూశాను. పిల్లను మార్చింది బోరింగు కాదు, పంపు కొడుతూ రెండో చేతిలో అక్షరం రాసిన టీచర్. మనం చాలాసార్లు పంపు కొనిచ్చి ఆగిపోతున్నాం.

అందుకని దాతలకు నా విన్నపాలు నాలుగు.

ఒకటి. ఒక ప్రత్యేక టీచర్ జీతాన్ని కనీసం మూడేళ్లపాటు భరించడానికి కొన్ని కుటుంబాలు కలిసి ముందుకు రావాలి. ఏటా కొత్తవారిని మారిస్తే పిల్లలు మళ్లీ మొదటికి వస్తారు. ఆటిజం ఉన్న బిడ్డ ఒక మనిషికి అలవాటు కావడానికే నెలలు పడుతుంది.

రెండు. మన ఆడపిల్లల్లో ఇంటర్, డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నవారు చాలామంది. వారిలో ఇద్దరికి ఏటా ప్రత్యేక విద్యలో డిప్లొమా చదవడానికి ఫీజు, హాస్టల్ ఖర్చు ఇవ్వాలి. భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు అయి ఉండేలా చూసుకోవాలి. వికారాబాద్, తాండూరులో ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన ప్రత్యేక టీచర్ అవసరం చాలా ఉంది. బిడ్డ ఇంట్లో వినేది ఒక భాష, బడిలో వినేది మరో భాష అయితే లోపం ఉన్న బిడ్డకు బరువు రెట్టింపవుతుంది.

మూడు. థెరపీకి, సికింద్రాబాద్ పరీక్షలకు వెళ్లే తల్లులకు చార్జీలు, పోయిన కూలి కొంతైనా ఇచ్చే చిన్న నిధి ఉండాలి. వెంట వెళ్లి వైకల్య సర్టిఫికెట్, బీమా కాగితాలు పూర్తి చేయించే ఒక వాలంటీర్ ఉంటే ఇంకా మంచిది.

నాలుగు. బిడ్డ పేదరికాన్నీ వైకల్యాన్నీ వేదిక మీద నిలబెట్టి ఫొటో తీయవద్దు. ఇచ్చిన చెయ్యి ఏదో తీసుకున్న బిడ్డకు తెలియాల్సిన అవసరం లేదు.

ఏ ఖర్చుకు జకాత్ వాడవచ్చో, ఏ ఖర్చుకు సదఖా, ఇతర విరాళాలు వాడాలో సంస్థ పెద్దలు ఉలమాను అడిగి ముందే విడివిడిగా పెట్టుకుంటే దాతలకు సందేహం ఉండదు.

కుటుంబంలో, మస్జిద్ కమిటీల్లో చర్చించుకోవడానికి

1. మన మొహల్లాలో బడికి వెళ్లని ప్రత్యేక అవసరాల పిల్లలు ఎంతమంది? వాళ్ల పేర్లు మనకు తెలుసా?

2. మన పిల్లలు చదివే బడిలో ప్రత్యేక టీచర్ ఉన్నారా? లేకపోతే ఎవరిని అడగాలి?

3. గత ఏడాది మనం ఇచ్చిన విరాళంలో వస్తువుకు వెళ్లింది ఎంత, మనిషికి వెళ్లింది ఎంత?

4. మన ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే, జాలితో మనమే చేసిపెడుతున్న పనుల్లో ఈ నెల ఏ ఒక్కదాన్ని బిడ్డకే నేర్పవచ్చు?

5. తరగతిలో బదులు చెప్పని పిల్లవాడి గురించి టీచర్ మొదట అడగాల్సిన ప్రశ్న ఏమిటి?

ఐదో ప్రశ్న నాకోసం నేను రాసుకున్నది. దానికి జవాబు చెప్పిన ఆ తల్లి ఒక పూట కూలి పోగొట్టుకుని నాకు పాఠం నేర్పింది. ఇప్పుడు ప్రతి జూన్‌లో కొత్త తరగతి మొదలయ్యాక నేను చేసే మొదటి పని ఒకటుంది. పిల్లలను ఒక్కొక్కరినీ గుమ్మం వైపు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలుస్తాను. తిరగని పిల్ల ఉంటే ఆ రోజే ముందు వరుసలో కూర్చోబెట్టి, సాయంత్రం ఇంటికి కబురు పంపుతాను. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. ఆ తర్వాత ఆ బిడ్డకు కావాల్సిన పరీక్ష, యంత్రం, టీచర్, వీటికి మాత్రం ఖర్చవుతుంది. అక్కడి నుంచి మీ సాయం మొదలు కావాలి.

ప్రతి బిడ్డ చేతిలో అక్షరం రాసే ఒక మనిషిని మనకు ఇవ్వమని, ఆ మనిషిని నిలబెట్టే మనసును మనకు ఇవ్వమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.